స్కోరు బల్ల నుంచి గీత లోపలికి

మా ఊరు అమలాపురానికి దగ్గరలో, గౌతమీ వైనతేయ పాయల మధ్య కొబ్బరితోటల్లో ఉంటుంది. ఏటా సంక్రాంతికి హైస్కూలు మైదానంలో వాలీబాల్ పోటీలు జరుగుతాయి. చుట్టుపక్కల మండలాల నుంచే కాక పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి కూడా జట్లు వస్తాయి. 2003 నుంచి ఆ పోటీలకు స్కోరు రాస్తున్నది నేనే. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఇప్పుడు చంకకర్ర సాయంతో నడుస్తాను. ఇన్నేళ్ళలో నేను వేసుకున్న అడ్డగీతలకు లెక్క లేదు గానీ, సున్నంతో వేసిన ఆ కోర్టు గీత దాటి లోపలికి వెళ్ళవలసిన పని నాకెప్పుడూ పడలేదు. వెళ్ళవచ్చునన్న ఆలోచన కూడా రాలేదన్నది నిజం.

ఆ ఆలోచన రావడానికి కారణం ఒక సన్మానం. ఐక్యరాజ్యసమితి 1992లో ప్రకటించినప్పటి నుంచి డిసెంబరు 3ను అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవంగా జరుపుతున్నారు. రెండేళ్ళ కిందట ఆ రోజున ఒక కార్యాలయం వారు నన్ను పిలిచారు. వేదికకు నాలుగు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఇద్దరు కుర్రాళ్ళు నా చంకల కింద చేతులు వేసి బస్తాను ఎక్కించినట్టు పైకి ఎక్కించారు. శాలువా కప్పారు, రెండు యాపిల్ పళ్ళు, ఒక బత్తాయి ఉన్న సంచి చేతిలో పెట్టారు, ముప్పావు గంట సేపు మా ఆత్మస్థైర్యాన్ని పొగిడారు. కింద కుర్చీల్లో ఉన్నది ఎవరంటే మేమూ, మమ్మల్ని తీసుకొచ్చిన మా వాళ్ళూ. పోలియో అంటే ఏమిటో నాకు అవగాహన కల్పించి ఏం లాభం? తెలియవలసిన వాళ్ళు ఆ సమయంలో ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. వాళ్ళందరూ ఒక్కచోట దొరికేది సంక్రాంతికి, మా మైదానంలోనే.

కార్తీక మాసంలో పోటీల కమిటీ బడి వరండాలో కూర్చున్నప్పుడు ఈ మాట ఎత్తాను. ముక్కనుమ నాడు ఫైనల్స్‌కు ముందు మధ్యాహ్నం మూడు గంటల నుంచి సమయం మాకివ్వండి, వైకల్యం ఉన్నవాళ్ళు కూర్చుని వాలీబాల్ ఆడతారు, మిగిలినవాళ్ళు చూస్తారు, కొందరు వాళ్ళతో కలిసి ఆడతారు అన్నాను. అధ్యక్షులు మంచి మనిషి. వెంటనే ఒప్పుకుని, ఆ వెంటనే దుప్పట్లు పంచుదామన్నారు. రొయ్యల చెరువులున్న ఒక దాత మూడు చక్రాల బండ్లు ఇస్తానని, ఫ్లెక్సీ మీద తన బొమ్మ వేయాలని కబురు పెట్టారు. ఆ రోజు మైదానంలో ఎవరికీ ఏమీ పంచకూడదని, కావలసినవారికి బండ్లు మర్నాడు ఇంటికి పంపవచ్చని నేను పట్టుబట్టాను. పంచడం మొదలుపెడితే చూసేవాడి కన్ను ఆట మీద నుంచి వస్తువు మీదికి పోతుంది. తీసుకునేవాడి చెయ్యి కింద ఉంటుంది. దీనికి గంటన్నర వాదన జరిగింది. అంతకంటే పెద్ద వాదన వేదిక గురించి.

"వేదిక లేకుండా సభ ఏంటండీ? వచ్చిన పెద్దమనిషిని నేల మీద నిలబెడతామా?" అన్నారు కోశాధికారి.

"ఆటగాళ్ళు నేల మీదే ఉంటారు కదండీ బావగారూ. ఆయన కూడా అక్కడే ఉంటారు," అన్నాను.

"ఆయ్, అలాగే కానీండి. ఆయనకు కోపం వస్తే మాత్రం మీరే సమాధానం చెప్పాలి."

కాగితాల పని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ప్రధానోపాధ్యాయుడికొక అర్జీ, మైకు కోసం పోలీస్ స్టేషనులో ఒక అర్జీ, పండగ రద్దీలో రెంటికీ నాలుగు తిరుగుళ్ళు.

మనుషులను వెతకడం అసలు పని. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో ఆ సంఖ్య 21 అయింది. తలసేమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు, అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలు, వీళ్ళంతా అందులోకి వస్తారు. చట్టంలో సంఖ్య పెరిగినా మా ఊళ్ళో మాత్రం, వికలాంగులెవరని అడిగితే చంకకర్ర ఉన్నవాళ్ళనే చూపిస్తారు. నా వంటివాళ్ళం మా ప్రాంతంలో ఇంచుమించు అందరం నలభై దాటినవాళ్ళమే. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. మా తరంతో ఈ కాళ్ళు ఆగిపోతాయి. ఇప్పుడు చక్రాల కుర్చీలో కనిపించే మగవాళ్ళలో రోడ్డు ప్రమాదాల వాళ్ళతో పాటు, కొబ్బరిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న దింపు కార్మికులున్నారు. కోనసీమలో ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి మాట్లాడుకోరు.

నేనూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రం టీచరుగారూ కలిసి ఇల్లిల్లూ తిరిగాం. "మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరండి" అని వీధిలోనే నిలబెట్టి చెప్పిన ఇంట్లో, కిటికీ చువ్వల వెనక నుంచి ఒక పిల్లవాడు మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. అలాంటి సిగ్గును నేను ఊహించాను. ఊహించనిది మరొకటుంది. 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలైంది. 2025లో ఆ పింఛన్ల మీద పునఃపరిశీలన జరిగి, ఎంతోమంది మళ్ళీ వైకల్య శాతం తేల్చే సదరం పరీక్షలకు వెళ్ళవలసి వచ్చింది. దాంతో నడుం కింద చలనం లేని ఒక దింపు కార్మికుడు, నాకు వరసకు బాబాయి, ఇలా అన్నాడు: "ఆడతానురా అబ్బాయ్, ఆడకేం. ఎవడో ఫోనులో వీడియో తీసి, ఈయన బంతి కొడుతున్నాడు చూడండి అని పెడితే? నెలకు ఆరు వేలు నువ్విస్తావా?" నా దగ్గర జవాబు లేదు. కూర్చుని ఆడితే కాళ్ళు వచ్చినట్టు కాదని నాకూ ఆయనకూ తెలుసు, వీడియో చూసేవాడికి తెలుస్తుందన్న పూచీ మాత్రం నేనివ్వలేను. వారం తరవాత టీచరుగారు ఒక ఉపాయం చెప్పారు. ఆట మొదలయ్యే ముందు ప్రతి ఆటగాడి వైకల్యం ఏమిటో, అది ఉండి కూడా ఈ ఆట ఎలా ఆడవచ్చో మైకులో వివరిద్దామన్నారు. అయితే అది కూడా వాళ్ళ అనుమతితోనే. బాబాయి మూడు రోజులు ఆలోచించి సరేనన్నాడు.

మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న ఒక అమ్మాయి వాళ్ళమ్మ దగ్గర నేను కొంచెం తెలివి చూపించబోయాను. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి, చిన్నప్పుడు ఊళ్ళో వాళ్ళ చేత మాటలు పడ్డ పిల్ల, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగంలో 400 మీటర్లు పరుగెత్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిందని చెప్పాను. ఆవిడ ఓపికగా అంతా విని, "మా పిల్ల అంత దూరం పరుగెత్తక్కర్లేదండి అన్నయ్యగారూ. పండగ పూట నలుగురిలో కూర్చుని ఐసు తింటే చాలు, ఎవరూ తిరిగి చూడకుండా," అంది. ఆ తరవాత ఎవరింట్లోనూ నేను పతకాల మాట ఎత్తలేదు.

ఇక మైదానం. ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్న చోటే అయినా, చక్రాల కుర్చీ ఒకటి అడిగి తెచ్చి నేనే అందులో కూర్చుని గేటు దగ్గరికి వెళ్ళేదాకా అది ఎటువంటి చోటో నాకు తెలియలేదు. పశువులు రాకుండా గేటు మధ్యలో ఇనుప పైపులు అడ్డంగా పాతారు. మనిషి పక్కకు తిరిగి దూరాలి. చంకకర్రతో నేను అలవాటుగా దూరిపోతున్నాను కాబట్టి అదొక అడ్డమని ఎన్నడూ అనుకోలేదు. కుర్చీ దూరలేదు. పైపు కోయించడానికి బడి వారు ఒప్పుకోలేదు. ఆ ఒక్క రోజుకు మరలు విప్పి తీసి, మళ్ళీ బిగించే ఏర్పాటు చేయించాం. లోపలికి వచ్చాక, మంచినీళ్ళకూ ఆటగాళ్ళ గదికీ వరండా ఎక్కాలి. వరండా ఎత్తు అడుగున్నర. తాపీమేస్త్రి చూసి, "ఆరడుగుల వాలు వేసేస్తానండి, సరిపోద్ది," అన్నాడు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ఉండాలని, అంటే పద్దెనిమిది అడుగులు కావాలని నేను చెబితే, ఇటుకల డబ్బు కోసం చెబుతున్నానేమోనన్నట్టు చూశాడు.

మాటలతో పని లేదని షామియానా సప్లై కంపెనీ నుంచి స్టేజీ పలక ఒకటి తెప్పించి, ఆరడుగుల వాలుగా ఆనించి, మేస్త్రిని కుర్చీలో కూర్చోమన్నాను. చక్రాలు రెండు తిప్పులు తిప్పేసరికి ముందు చిన్న చక్రాలు గాలిలోకి లేచాయి. వెనక ఇద్దరు పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మనిషి వెల్లకిలా పడేవాడు. దిగి, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "పద్దెనిమిదేనండి," అన్నాడు. మూడు పలకలు వరసగా పేర్చి, కింద ఇటుకలు మెట్లు మెట్లుగా పెంచుకుంటూ, పక్కల జారిపోకుండా సరుగుడు కర్రలు కట్టి ఆయనే వేశాడు. గేటు నుంచి కోర్టు దాకా నేల మెత్తన. పొద్దున్న మంచుకు ఇంకా మెత్తబడి చక్రం దిగబడుతోంది. ముందు గోనెసంచులు పరిచాం, అవి చక్రాలకు చుట్టుకున్నాయి. తరవాత ఒక కొబ్బరిపీచు యూనిట్ వాళ్ళిచ్చిన దళసరి పీచు చాపలు పరిచి మేకులు కొట్టాం. అవి నిలిచాయి.

కూర్చుని ఆడే వాలీబాల్ నియమాలు మా వాళ్ళలో ఎవరికీ తెలియవు; నాకూ అంతకు ముందు టీవీలో చూసిన పరిచయమే. మామూలు కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు అయితే, దీనికి 10, 6 మీటర్లు చాలు. నెట్ ఎత్తు మగవాళ్ళకు 1.15 మీటర్లు. కోర్టులో జట్టుకు ఆరుగురే. బంతిని తాకేటప్పుడు పిర్రలు నేలను వదలకూడదు; సర్వీసును కూడా నెట్ దగ్గర అడ్డుకోవచ్చు. చదివితే ఇంతే, ఆడితే ఎంతో ఉంది. చేతులతో నేలను తోసుకుంటూ పక్కకు జరగాలి, అవే చేతులు బంతి వచ్చేసరికి గాలిలో ఉండాలి. బరకం బిగించి కట్టి దాని మీద సాధన మొదలుపెట్టాం. మొదటి రోజే అందరి అరచేతులూ కందిపోయాయి.

మా జట్టులో వైకల్యం ఉన్నవాళ్ళం తొమ్మిది మందిమి చేరాం. ఎదుటి జట్టుగా మా ఊరి సీనియర్లనే కూర్చోబెట్టాం. వాళ్ళలో ఒకతను చుట్టుపక్కల పేరున్న స్మాషర్. నెట్‌కు రెండడుగుల పైన లేచి కొట్టే మనిషి. కూర్చోబెట్టేసరికి అతనికి కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. బంతి రాగానే ఒళ్ళు తనంతట తానే లేస్తుంది, ఫౌల్. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ ఫౌల్. ఇరవై నిమిషాలకు చెమటలు పట్టి, "ఈ కాళ్ళు తీసి గట్టు మీద పెట్టొస్తే బాగుండునండీ," అన్నాడు. నవ్వు ఆపుకోవడం మా తరం కాలేదు. బాబాయి మాత్రం నవ్వలేదు. ముప్పై ఏళ్ళు చెట్లెక్కిన చేతులు ఆయనవి. ఆ చేతులతో వేసిన సర్వీసు నెట్‌కు రెండు వేళ్ళ ఎత్తులో దూసుకొచ్చి బరకం మీద పడేది.

ఒక విషయంలో టీచరుగారితో నాకు భేదాభిప్రాయం వచ్చింది. జనం కళ్ళకు గంతలు కట్టి పది అడుగులు నడిపిద్దామని, అప్పుడు చూపు లేనివారి బాధ తెలుస్తుందని ఆవిడ ప్రతిపాదన. ఎన్నో కార్యక్రమాల్లో అలా చేస్తారు. గంతలు కట్టుకున్న వాడికి తెలిసేది గంతలు కట్టుకున్న వాడి భయమే గానీ, ఇరవై ఏళ్ళుగా చూపు లేకుండా బతుకుతున్న మనిషి నేర్పు కాదని నేనన్నాను. చివరికి ఇద్దరం ఒకచోటికి వచ్చాం. గంతలు కట్టుకున్న వాడు నడవడు. చూపు లేని బౌలర్ వేసే ఒక్క ఓవర్ ఎదుర్కొంటాడు.

దానికోసం రాజమహేంద్రవరం, కాకినాడల్లో చదువుకుంటున్న అంధ క్రికెట్ ఆటగాళ్ళు అయిదుగురు వచ్చారు. మన రాష్ట్రానికే చెందిన ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి కెప్టెన్‌గా దేశానికి ప్రపంచ కప్పు తెచ్చి అర్జున పురస్కారం అందుకున్నాడన్నా, 2025 నవంబరులో కొలంబోలో ఫైనల్ జరిగిన అంధ మహిళల తొలి టీ20 ప్రపంచ కప్పు మన అమ్మాయిలే గెలిచారన్నా, మైదానంలో ఉన్న క్రికెట్ పిచ్చివాళ్ళలో ఎక్కువమందికి అదే మొదటిసారి వినడం.

ముక్కనుమ నాడు మూడు గంటలకు జనం బాగానే ఉన్నారు. కోడిపందేల బరుల వైపు వెళ్ళిన వాళ్ళు వెళ్ళగా మిగిలిన వాళ్ళే గట్ల మీద కిక్కిరిసి ఉన్నారు. అంధ క్రికెట్ బంతి గట్టి ప్లాస్టిక్‌ది, లోపల గుళ్ళుంటాయి. బౌలర్ చేతిని కింది నుంచి ఊపి వేస్తాడు. బంతి పిచ్ సగం దాటే లోపే ఒకసారి నేలను తాకాలి. వేసే ముందు "రెడీ?" అంటాడు, బ్యాటర్ "యెస్" అంటాడు, "ప్లే" అంటూ బంతి వదులుతాడు. ఆ గలగల చప్పుడే బ్యాటర్‌కు కళ్ళు. మొదటి బంతికి మా కామెంట్రీ చెప్పే ఆయన అలవాటు చొప్పున మైకులో మాట్లాడుతూనే ఉన్నాడు. బ్యాటర్ ఇనుప వికెట్లు మోగాయి. ఆ అబ్బాయి కోపంగా మైకు వైపు ముఖం తిప్పి, "సార్, బంతి వినపడనీయకుండా మీరే నన్ను ఔట్ చేశారు," అన్నాడు. అప్పుడు డీజే ఆపారు, జనరేటరును దూరం జరిపారు, కామెంట్రీ ఆయన నోటి మీద వేలు పెట్టుకుని గట్ల చుట్టూ తిరిగాడు. సంక్రాంతి మూడు రోజులూ మా మైదానంలో నిశ్శబ్దమన్నది నేనెరగను. ఆ నిమిషంలో కాలువ అవతల ఎవరిదో మోటారు సైకిలు వెళ్ళడం వినిపించింది, ఆ వెంటనే పిచ్ మీద గలగలమంటూ బంతి, ఆ వెంటనే బ్యాటు చప్పుడు. బంతి గీత దాటింది. పూర్తిగా చూపు లేని బి1 ఆటగాడు కొట్టిన పరుగులు రెట్టింపు కాబట్టి, ఆ నాలుగును నేను ఎనిమిదిగా రాశాను. అది మైకులో చెప్పగానే పిల్లలు ఎగిరారు. వినికిడి లోపం ఉన్న బడి పిల్లలు రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించారు. వాళ్ళ చప్పట్లు అవే. చూసి గట్ల మీది పిల్లలూ అలాగే చేశారు, ఆ తరవాత పొద్దుగూకే దాకా మానలేదు. గంతలు కట్టుకుని బ్యాటు పట్టిన మా స్మాషర్ ఆరు బంతుల్లో ఒక్కటీ తాకలేకపోయాడు.

వాలీబాల్‌లో రిఫరీ చేతికి ఈల తోపాటు ఎర్రజెండా కూడా ఇచ్చాం, ఈల వినపడని ఇద్దరు ఆటగాళ్ళున్నారు కాబట్టి. ముఖ్య అతిథి ప్రసంగంలో "దేవుడు చిన్నచూపు చూసిన ఈ బిడ్డలు" అన్నారు. నేల మీద, మా మధ్యనే నిలబడి అనడం వల్లనేమో, ఆ మాట దగ్గర ఆయనకే గొంతు తడబడి త్వరగా ముగించారు. కామెంట్రీ ఆయన నన్ను ఇరవై ఏళ్ళుగా మైకులో పిలిచే పిలుపులో నా పేరుకు ముందు కాలు ప్రస్తావన ఉంటుంది. అందరి ముందు ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష అని 2016 చట్టంలోని 92వ సెక్షన్ ముందు రోజు ఆయనకు చదివి వినిపించాను. ఆయన మరీ జాగ్రత్తపడి, ఆట అంతసేపూ నన్ను "శ్రీయుత ఏడో నంబరు గారు" అన్నాడు. రెండు సెట్లు మేము గెలిచాం, ఒకటి పోయింది. నేను అయిదు సర్వీసులు వేశాను. మూడు నెట్‌కు తగిలాయి. అవి ఎవరు రాశారో చూసుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

ఇంతవరకు బాగానే ఉందనుకుంటూ వరండాలో నీళ్ళు తాగుతుంటే, చక్రాల కుర్చీలో ఉన్న ఒక అక్క నాకు గ్లాసు తిరిగి ఇచ్చేసింది. దాహం లేదా అంటే, "పొద్దుటి నుంచి చుక్క ముట్టుకోలేదు తమ్ముడూ. మీరు పెట్టించిన లెట్రిన్ తలుపు చూశావా?" అంది. వెళ్ళి టేపు పెట్టి కొలిచాను. తలుపు రెండడుగులు, ఆవిడ కుర్చీ ఇరవై ఆరు అంగుళాలు. గేటు చూశాను, వరండా చూశాను, నేల చూశాను. అది మాత్రం అద్దెకు తెచ్చిన తాత్కాలిక గది కదా అని వదిలేశాను. మగవాడిని కాబట్టి నాకు తట్టలేదనడం నిజమే గానీ, సాకు కాదు. తలుపు ఊడబీకించి, గుమ్మం చెక్క కోయించి, దుప్పటి కట్టేసరికి సాయంత్రమైంది. అప్పటికే ముగ్గురు ఆడవాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఇద్దరు ఆడవలసిన వాళ్ళు.

ఐసు తినాలనుకున్న అమ్మాయి వచ్చింది, తింది. మొదట్లో కొందరు తిరిగి చూశారు. ఆట మొదలయ్యాక ఎవరూ చూడలేదు. వాళ్ళమ్మ నాతో ఏమీ అనలేదు, వెళ్ళేటప్పుడు తల ఊపింది.

మర్నాడు గేటుకు పైపులు మళ్ళీ బిగించారు. ప్రధానోపాధ్యాయుడిది పశువుల భయం, నాది కుర్చీల బాధ. మూడడుగుల వెడల్పున పక్కన వేరే గేటు పెట్టి తాళం అటెండరు దగ్గర ఉంచుదామని మాట్లాడుకుంటున్నాం, ఇంకా తేలలేదు. మేస్త్రి మాత్రం వరండాకు సిమెంటు వాలు పద్దెనిమిది అడుగులూ తన కూలీ లేకుండా వేస్తానన్నాడు. సామాను కమిటీ తేవాలి. బాబాయి ఫిబ్రవరి పింఛను యథాప్రకారం వచ్చింది, ఆ రోజు సాయంత్రమే ఫోను చేసి సర్వీసును బ్లాక్ చేసేటప్పుడు వేళ్ళు ఎలా పెట్టాలని అడిగాడు. కుర్చీలో వచ్చిన ఆ అక్కకు నేను వచ్చే ఏటి లెక్కల పుస్తకంలో మొదటి పేజీ చూపించాను. పోటీల పద్దులేవీ ఇంకా రాయలేదు. పైన ఒక్క వరుస ఉంది: లెట్రిన్లు రెండు, తలుపు మూడడుగులు, బయటికి తెరుచుకోవాలి.

ఆవిడ చదివి, "లోపల గొళ్ళెం కిందికి పెట్టించు, నాకు అందదు," అంది. అది కూడా రాసుకున్నాను.